గొడవ ఇటుకల మీద, ఎండ కప్పు మీద

దేవరకొండ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను. పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆమెకు 38 ఏళ్లు, ప్రభుత్వ బడిలో టీచర్. భర్తకు ఎరువుల దుకాణం ఉంది. అత్తమ్మ, మామయ్య, ఇద్దరు పిల్లలతో ఒక అద్దె ఇంటి పై అంతస్తులో ఉంటున్నారు. ఊరి చివర 180 గజాల పడమర ముఖం ప్లాటులో సొంతిల్లు మొదలుపెట్టారు. ముందు ముప్పై అడుగుల రోడ్డు, ఉత్తరాన రెండంతస్తుల ఇల్లు, తూర్పున ఇంకో ఇల్లు, దక్షిణాన ఖాళీ జాగా. పిల్లర్లు లేచాయి. పదిహేను రోజుల్లో స్లాబ్‌కు సెంట్రింగ్ కొడతారు. గోడలు ఇంకా మొదలుకాలేదు.

మామయ్యకు మూడేళ్ల కింద చిన్న పక్షవాతం వచ్చింది, బీపీ మాత్రలు వాడుతున్నారు. పోయిన మే నెలలో ఒక రాత్రి అద్దె ఇంట్లోనే సొమ్మసిల్లిపోతే ఆస్పత్రిలో రెండు రోజులు ఉంచారు. ‘పగలు ఎండలో తిరిగితే వడదెబ్బ తగిలిందనుకోవచ్చు. రాత్రి పదకొండు గంటలకు ఇంట్లో పడుకున్న మనిషికి ఎందుకు తగలాలి?’ అన్న ప్రశ్న అప్పటి నుంచి ఆమెను వదల్లేదు. కొత్త ఇల్లయినా చల్లగా ఉండాలని ఆమె తపన.

అక్కడే గొడవ మొదలైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మరిది ఇంటికి ఎనిమిది లక్షలు సర్దుతున్నాడు. ఎలివేషన్, అంటే ఇంటి ముఖభాగం బొమ్మ కూడా ఆయనే గీయించి పంపాడు. అందులో హాలు ముందు గోడ పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తున మొత్తం అద్దమే. ఆమె ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలు) కట్టిద్దామంటే మేస్త్రీ ‘మేకు పట్టదు, పగుళ్లొస్తాయి’ అంటున్నాడు. భర్త ‘రెండు ఏసీలు పెట్టిస్తా, టెన్షన్ పడకు’ అంటున్నారు. అత్తమ్మ ఊళ్లో తమ పాత మిద్దెను తలుచుకొని ‘ఈ సిమెంటు ఇండ్లు ఎట్ల కట్టినా ఉడుకుతయి’ అంటారు. ‘నేను నోరు తెరిస్తే టీచరమ్మ పాఠం మొదలుపెట్టింది అంటారు. డబ్బు పెట్టేవాళ్ల మాటకు ఉన్న విలువ ఆ ఇంట్లో రోజంతా బతకబోయే మా మాటకు లేదా? ఇటుకల దగ్గర పట్టుబట్టాలా, వదిలేయాలా? ఈ గొడవలు చూస్తుంటే ఇల్లే వద్దనిపిస్తోంది’ అని ముగించారు.

అమ్మా, మీ మామయ్య గురించి మీరు అడిగిన ప్రశ్న ఈ ఉత్తరం మొత్తానికీ ప్రాణం. దానికి జవాబు దొరికితే మీ ఇంట్లో వాదన దానంతటదే సరైన చోటికి వస్తుంది. అందుకే ఇటుకల సంగతి కాసేపు పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

దేవరకొండ, అచ్చంపేట, మహబూబ్‌నగర్ అన్నీ పదహారు, పదిహేడు డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్న ఊళ్లు. మే మొదటి వారంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తి మీదుగా పోతాడు. ఆ రోజుల్లో గోడల మీద ఎండ ఏటవాలుగా, కొన్ని గంటలే పడుతుంది. కప్పు మీద మాత్రం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా పడుతూనే ఉంటుంది. నల్లబడ్డ సిమెంటు స్లాబ్ పైభాగం మే నెల మధ్యాహ్నం అరవై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి ఐదారు అంగుళాల కాంక్రీటును దాటి కింది వైపుకు చేరడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అంటే రెండు గంటలకు పైన కాలిన స్లాబ్ కింద సాయంత్రం ఆరేడింటికి బాగా వేడెక్కి, అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. జొన్నరొట్టె పెనం పొయ్యి ఆర్పాక కూడా కాలుతూనే ఉంటుంది కదా, అట్లాంటిదే ఇది.

మన చర్మం మీద వేడి ముప్పై నాలుగు, ముప్పై ఐదు డిగ్రీలు ఉంటుంది. పైకప్పు లోపలి వైపు నలభై డిగ్రీలు ఉంటే మంచం మీద పడుకున్న మనిషి ఒంట్లోని వేడి కప్పు వైపు పోవడానికి దారి ఉండదు, పైనుంచే ఇంకా వచ్చి పడుతుంది. ఫ్యాన్ తిప్పితే స్లాబ్‌కు ఆనుకుని ఉన్న వేడి గాలే కిందికి దిగుతుంది. బయట పదకొండు గంటలకు గాలి చల్లబడినా లోపల మాత్రం తగ్గదు. దానికి తోడు కొన్ని రకాల బీపీ మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, వయసు మీద పడ్డవాళ్లకు దాహం కూడా సరిగా తెలియదు. మామయ్య రాత్రి పదకొండుకు పడిపోవడానికి ఇవన్నీ కలిసి కారణమై ఉండవచ్చు. మాత్రల సంగతి ఎండలు ముదరకముందే డాక్టర్‌ను అడగండి, సొంతంగా మాత్రం మానేయించకండి.

ఇప్పుడు మీ ఇంట్లో నడుస్తున్న వాదన చూడండి. ఇటుకలు, అద్దం, ఏసీలు, మిద్దె అన్నీ వచ్చాయి. కప్పు గురించి ఒక్కరూ మాట్లాడలేదు, మీరు కూడా. ఒక అంతస్తు ఇంట్లోకి వేసవిలో వచ్చే వేడిలో పెద్ద వాటా కప్పుదే. దాని తర్వాత పడమటి గోడ, అందులోని అద్దం. ఏ ఇటుకతో కట్టారన్నది ఆ తర్వాతి మాట. మీరు పట్టుబట్టాలనుకుంటున్నది వరుసలో మూడో విషయం మీద. మీ పట్టుదలను మొదటి దాని మీదికి మార్చండి. మేస్త్రీకి గానీ మరిదికి గానీ కప్పు మీద పంతం ఏమీ లేదు కాబట్టి మీరు గెలవడానికి కూడా అదే తేలిక.

కొంచెం లెక్క చెప్తాను, టీచర్ కాబట్టి మీకు ఉపయోగపడుతుంది. పన్నెండు పద్నాలుగు అడుగుల గది తీసుకోండి. ఏ రక్షణా లేని స్లాబ్ గుండా మే సాయంత్రం ఆ గదిలోకి దిగే వేడి సుమారు ఒకటిన్నర కిలోవాట్ల దాకా ఉంటుంది. ఒక టన్ను ఏసీ బయటికి తోడేది మూడున్నర కిలోవాట్లు. మీ వారు కొనబోయే ఏసీలో దాదాపు సగం కేవలం కప్పుతో కొట్లాడటానికే సరిపోతుందన్నమాట. అదే స్లాబ్ మీద రెండు అంగుళాల మంచి ఇన్సులేషన్ పలక వేస్తే ఆ వేడి ఆరో వంతుకు పడిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వాళ్లు 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళిలో కప్పు గుండా చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి పోకూడదని హద్దు పెట్టారు. మనం మామూలుగా వేసే వట్టి స్లాబ్ దానికి దాదాపు మూడు రెట్లు. ఆ సంహిత మీ అంత చిన్న స్థలాలకు వర్తించదు, కానీ ఇంజనీర్‌ను అడగడానికి మీ చేతిలో ఒక అంకె ఉంటుంది.

కప్పుకు ఏం చేయాలన్నది ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంది. మీరు ఉత్తరంలో రాయలేదు: పైన ఇంకో అంతస్తు వేస్తారా? వేస్తే ఎప్పుడు? మన దగ్గర దాదాపు ప్రతి ఇంటి మీదా పిల్లర్ల చువ్వలు పైకి నిలబడి ఉంటాయి, ‘తర్వాత చూద్దాం’ అని. ఇంట్లో ముందు ఈ మాట తేల్చుకోండి. డబ్బులు ఎక్కడ పెట్టాలో దీనితోనే తేలుతుంది.

రెండు మూడేళ్లలో పైన వేస్తామంటే స్లాబ్ మీద ఖరీదైనదేదీ పెట్టకండి. తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, లేదా సున్నం. కొత్తగా వేసిన తెల్ల కప్పు మీద పడ్డ ఎండలో నాలుగింట మూడు వంతుల దాకా వెనక్కి పోతుంది, స్లాబ్ పైభాగం పదిహేను ఇరవై డిగ్రీలు తక్కువ వేడెక్కుతుంది. సున్నం చాలా చవక, కానీ ఒక వానాకాలానికే కొట్టుకుపోతుంది. ఏటా ఉగాదికి ముందు వేయాలి. పెయింట్ కొన్నేళ్లు ఉంటుంది, అయితే మన ఎర్రదుమ్ముకు తెలుపు మాసిపోతుంది. ఫిబ్రవరి, మార్చిలో ఒకసారి చీపురు పెట్టి కడిగితేనే పూర్తి ఫలితం. 2023 ఏప్రిల్‌లో మన తెలంగాణ రాష్ట్రం తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు దాటిన ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. మీది 180 గజాలే కాబట్టి మీ ఇష్టం. కానీ పెట్టిన ప్రతి రూపాయికీ ఇంత ఫలితం ఇచ్చే పని ఇంటి నిర్మాణంలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

పదేళ్ల దాకా పైన వేయమనుకుంటే స్లాబ్ మీద శాశ్వతంగా పొర వేయించుకోండి. ముందు నీరు దిగకుండా వాటర్ ప్రూఫింగ్, దాని మీద ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురగ పలకలు రెండు అంగుళాలు, దాని మీద వాలుతో సిమెంటు పొర, పైన తెల్ల టైల్స్. ఖర్చు పెయింట్‌కు ఎన్నో రెట్లు, కానీ పగలూ రాత్రీ పనిచేస్తుంది, వాటర్ ప్రూఫింగ్ కూడా ఎండకు చీలిపోకుండా నిలుస్తుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త. షాపులో చవగ్గా దొరికే మామూలు తెల్ల థర్మాకోల్ వేద్దామంటారు, ఒప్పుకోకండి. అది మెల్లగా నీరు పట్టి, మెత్తబడి, రెండు మూడు వానాకాలాలకు పైన టైల్స్ కుంగుతాయి. స్లాబ్ కింద ఫాల్స్ సీలింగ్‌తో సరిపెడదామని కూడా ఎవరో ఒకరు అంటారు. కొంత మేలు ఉంటుంది, కాదనను. కానీ ఎండకు స్లాబ్ కాలడం ఆగదు, పగుళ్లూ ఆగవు.

పాత పద్ధతి ఒకటుంది, మట్టి కుండలు వరసగా బోర్లించి సందుల్లో సున్నపు కాంక్రీటు నింపడం. కుండల్లో చిక్కిన గాలి వేడిని ఆపుతుంది. మీ చుట్టుపక్కల కుమ్మరి పని చేసేవాళ్లు, సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీ దొరికితే ఇది చక్కటి పని. దొరక్కపోతే తెలియని వాళ్లతో ప్రయోగం చేయించకండి. దీని బరువు ఎక్కువ, స్లాబ్ డిజైన్ చేసిన ఇంజనీర్‌కు ముందే చెప్పాలి.

పైన సోలార్ పలకలు పెట్టించే ఆలోచన ఉంటే అవీ నీడనిస్తాయి. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, దానికి మూడు వందల చదరపు అడుగుల దాకా జాగా కావాలి. స్టాండ్లు ఎత్తుగా పెట్టించి ఆ నీడ మామయ్య గది మీద పడేలా చూసుకోవచ్చు. అయితే పైన అంతస్తు వేసేటప్పుడు వాటిని దింపి మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది.

సెంట్రింగ్‌కు పదిహేను రోజులే ఉంది కాబట్టి అంతకుముందే తేలాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవి తర్వాత సరిచేయలేం. స్లాబ్ మీద పొరలు వేస్తే ఎత్తు ఐదారు అంగుళాలు పెరుగుతుంది. మెట్ల చివరి మెట్టు, డాబా తలుపు గడప ఆ లెక్కతో పెట్టకపోతే తర్వాత వాన నీళ్లు మెట్ల మీదికి వస్తాయి. వాన నీళ్లు పోయే గొట్టం మట్టం, పిట్టగోడ ఎత్తు కూడా అంతే. పడమర, దక్షిణం వైపు స్లాబ్ ఎంత ముందుకు రావాలో కూడా ఇప్పుడే చెప్పాలి. ఒక కాగితం మీద ఇవన్నీ రాసి ఇంజనీర్ చేతికి ఇవ్వండి. మేస్త్రీకి నోటితో చెప్తే పని ఒత్తిడిలో మరిచిపోవచ్చు.

ఇక పడమర సంగతి. మీ ఇంటికి కష్టమంతా ఇక్కడే ఉంది, మరిది ఎలివేషనూ ఇక్కడే ఉంది. దక్షిణం కిటికీకి రెండడుగుల సజ్జా చాలు, ఎండాకాలం పొడుగునా నీడ ఉంటుంది, ఎందుకంటే అటు సూర్యుడు ఎత్తు నుంచే వస్తాడు. పడమర అట్లా కాదు. సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు బాగా వాలి ఉంటాడు. రెండడుగుల సజ్జా కిటికీలో పై అడుగు వరకే నీడ ఇస్తుంది, మిగతాదంతా ఎండే. తొంభై చదరపు అడుగుల మామూలు అద్దం గుండా ఆ గంటలో సుమారు నాలుగు కిలోవాట్ల వేడి హాల్లోకి వస్తుంది. ఒక టన్ను ఏసీ మొత్తం తోడినా ఇంకా మిగిలే వేడి. లోపల కర్టెన్ వేస్తే వెలుతురు తగ్గుతుంది గానీ వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. ఎండను అద్దానికి బయటే ఆపాలి. పడమటి కిటికీల విషయంలో ఇంతకన్నా ముఖ్యమైన మాట నా దగ్గర లేదు.

మరిదితో ‘అద్దం వద్దు’ అంటే అది ఆయన ప్రేమగా పంపిన బొమ్మను తిప్పికొట్టినట్టవుతుంది. అన్న ఇల్లు ఊళ్లో గొప్పగా కనబడాలన్నది ఆయన కోరిక. దాన్ని గౌరవిస్తూనే మూడు దారులు చూపించండి. ఒకటి, అద్దాన్ని ఐదడుగులు వెనక్కి జరిపి ముందు వరండా వదలడం. హాలు ఆ మేరకు తగ్గుతుంది, కానీ సాయంత్రం మామయ్య కూర్చోవడానికి చోటు వస్తుంది. నాలుగు దాటాక వరండా కిందికి కూడా ఎండ దూరుతుంది కాబట్టి వెదురు తడకలో, చిల్లులున్న మట్టి జాలీయో కలిపితేనే పని పూర్తవుతుంది. రెండు, అద్దం ముందే నిలువు జాలీ గోడ కట్టడం. ఎలివేషన్ మారుతుంది, రాత్రి లోపల లైట్లు వేస్తే ఎంతో అందంగా ఉంటుంది, దుమ్ము తుడుచుకోవడం మాత్రం పనే. మూడు, ఆయన గీసినట్టే ఉంచి, వేడిని ఆపే పూత ఉన్న రెండు పొరల అద్దం వేయడం. వేడి మూడో వంతుకు తగ్గుతుంది. ఖర్చు బాగా ఎక్కువ, పగిలితే హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాల్సి రావచ్చు. వచ్చే ఆ మూడో వంతు కూడా ఏసీ మీదే పడుతుంది. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను. ఎలివేషన్ గీసిన వాళ్లను మరిదే ఫోన్ చేసి అడిగేలా చూడండి. ఆ మార్పు ఆయన నోటి నుంచి వస్తే మీ ఇంట్లో ఎవరూ కాదనరు.

వాస్తు ప్రకారం పెద్ద పడక గది నైరుతిలో పెట్టే ఉంటారు. దక్షిణం, పడమర ఎండ రెండూ తగిలే మూల అది, రాత్రికి అన్నిటికన్నా ఎక్కువ ఉడికే గది. గది మార్చమని నేను అనడం లేదు. వాస్తు కూడా నైరుతిని బరువుగా, మందంగా, మూసి ఉంచమనే చెప్తుంది. దాన్ని పూర్తిగా పాటించండి. ఆ గదికి పడమర కిటికీ పెట్టకండి, పెడితే చిన్నది. గోడ పొడుగునా అల్మారాలు కట్టించండి. మెట్లు పడమర వైపు వచ్చేలా ఉంటే ఇంకా మంచిది, ఎండ ముందు మెట్ల గోడనే తాకుతుంది. నీళ్ల ట్యాంకు కూడా నైరుతిలోనే పెడతారు, ఆ దిమ్మె నీడ కొంత కలిసొస్తుంది.

మామయ్యకు మాత్రం ఆ గది ఇవ్వకండి. మీ ప్లాటు వివరాలు చూస్తే ఆయనకు తగినది తూర్పు వైపు గది. పక్కింటి వల్ల పొద్దుటి ఎండ కూడా కొంత ఆగుతుంది, మధ్యాహ్నం తర్వాత ఆ గోడ మీద ఎండే ఉండదు. ఇంట్లో పెద్దాయన కాబట్టి నైరుతి గది ఆయనకే ఇవ్వాలని మీ వారు అనవచ్చు. అప్పుడు ఆ మే రాత్రిని గుర్తు చేయండి చాలు. ఏసీ ఒకటే కొంటే అది ఆ తూర్పు గదికే పెట్టించండి. కిటికీలు ఎదురెదురుగా ఉండాలి, దోమల జాలీ, గట్టి గ్రిల్ ఉండాలి, రాత్రి తెరిచి పడుకునే ధైర్యం ఉండాలి. హైదరాబాద్ ఉన్న వాతావరణ మండలానికి ఎకో నివాస్ సంహిత చెప్పే ప్రకారం నేల వైశాల్యంలో ఎనిమిదో వంతు తెరుచుకునే కిటికీలు కావాలి. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, లెక్కలో దాన్ని సగంగానే పట్టుకోండి. నా మాట వింటే రెక్కల కిటికీలే పెట్టించండి. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, ఎదురు కిటికీ కొంచెం తెరిచి ఉంచితేనే. పగలు పది నుంచి ఆరు దాకా వడగాలి రాకుండా కిటికీలన్నీ మూయాలి, చీకటి పడ్డాక అన్నీ తెరవాలి. ఈ అలవాటు లేకపోతే ఎంత ఇన్సులేషన్ వేసినా పగటి వేడి లోపలే చిక్కుకుంటుంది.

ఇటుకల విషయం. మేస్త్రీ చెప్పినదాంట్లో నిజం ఉంది. ఏఏసీలో మామూలు మేకు పట్టదు, దానికి వేరే ప్లగ్గులు కావాలి. పిల్లర్‌కు, గోడకు మధ్య జాలీ కొట్టి ప్లాస్టరింగ్ చేయకపోతే పగుళ్లు వస్తాయి. ఎర్ర ఇటుకలా నానబెట్టి, మందంగా మాలు వేసి కడితే పాడవుతాయి. ఆ పని తెలిసినవాళ్లు కట్టిన ఇళ్లు మాత్రం బాగున్నాయి. ఎనిమిది అంగుళాల ఏఏసీ గోడ గుండా పోయే వేడి తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ గుండా పోయేదానిలో సగానికన్నా తక్కువ. మీ ముందున్నవి ఇవి: అంతా ఏఏసీ పెట్టి తెలిసిన మేస్త్రీని వెతకడం, పడమర, దక్షిణం గోడలకే ఏఏసీ, మిగతాది మీ మేస్త్రీకి అలవాటైన ఇటుక, లేదా అంతా ఎర్ర ఇటుకే కట్టి పడమటి గోడకు నీడ ఏర్పాటు చేయడం. చివరి దానితో కూడా, కప్పు సరిగ్గా చేస్తే, మీ ఇల్లు చల్లగానే ఉంటుంది. పనిమీద కోపంగా ఉన్న మేస్త్రీతో బలవంతంగా ఏఏసీ కట్టించడం కన్నా అదే నయం. ఇటుకల దగ్గర మీరు తగ్గితే మేస్త్రీ మిగతా మాటలు వింటాడు. రోడ్డు వైపు ఇప్పుడే ఒక కానుగ మొక్క నాటండి. ఐదారేళ్లలో పడమటి గోడకు అది చేసే మేలు ఏ ఇటుకా చేయదు.

అత్తమ్మ మాట కొట్టిపారేయకండి. మిద్దె చల్లగా ఉండటానికి కారణాలున్నాయి: రెండడుగుల మట్టి గోడలు, దూలాల మీద బండలు, ఆ పైన జానెడు మందాన చవుడు మట్టి, చిన్న కిటికీలు. పైగా వేసవి రాత్రుళ్లు లోపల ఎవరూ పడుకునేవాళ్లు కాదు, వాకిట్లోనో మిద్దె మీదో మంచాలు వేసుకునేవాళ్లు. వానాకాలం ఆ మిద్దె ఎక్కడెక్కడ కారేదో కూడా ఆమెనే అడగండి, చెప్తారు. స్లాబ్ మీద మనం వేద్దామంటున్న పొర ఆ చవుడు మట్టి చేసిన పనే చేస్తుందని ఆమెకు వివరించండి. ఇంట్లో మీ మాటకు తోడు వచ్చే మొదటి మనిషి ఆమే అవుతారని నా ఊహ.

మీ వారికి మాటలకన్నా చేతికి తెలిసేది చూపించండి. అద్దె ఇంటి యజమానిని అడిగి, మీరు పడుకునే గది పైన డాబాకు రెండు పూతలు చిక్కటి సున్నం కొట్టించండి. పక్క గది పైన వదిలేయండి. వారం తర్వాత రాత్రి తొమ్మిదింటికి మీ వారిని స్టూలెక్కి రెండు గదుల స్లాబులనూ చేత్తో తాకమనండి. ఖర్చు కొన్ని వందల్లో అయిపోతుంది. ఒకవేళ తేడా తెలిసినా ‘ఏసీలతోనే కానిద్దాం’ అని ఆయన తీర్మానిస్తే, అప్పుడు మీరు నిలబడాల్సింది రెండు విషయాల మీద మాత్రమే: మెట్ల గడప, నీళ్ల గొట్టం మట్టం పొరలకు వీలుగా పెట్టించడం, మామయ్యకు తూర్పు గది. పెయింట్, టైల్స్, తడకలు, చెట్టు ఇవన్నీ గృహప్రవేశం తర్వాత కూడా చేయించుకోవచ్చు. మీ జీతంలోంచి మీరే చేయించవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరిది ఎనిమిది లక్షల ముందు మీ మాట చిన్నదైందని బాధపడుతున్నారు. ఆ బాధ న్యాయమైనదే, మీ వారితో ఒకరోజు ఒంటరిగా కూర్చుని చెప్పుకోవాల్సిందే. ఇటుకల పేరుతో అందరి ముందూ చెబితే మాత్రం ఇటుకల గొడవలాగే వినబడుతుంది.

ఇల్లు పూర్తయ్యేలోపు అద్దె ఇంట్లో ఇంకో ఎండాకాలం రావచ్చు. సున్నం అందుకోసమైనా వేయించండి. మామయ్య మంచాన్ని సాయంత్రం నుంచి గాలి వచ్చే చోటికి మార్చండి, దాహం వేయకపోయినా గంటకోసారి నీళ్లో మజ్జిగో ఇవ్వండి. ఆయనకు నీటి విషయంలో డాక్టర్ ఏమైనా హద్దు పెట్టి ఉంటే అది పాటించండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టకపోతే నిద్రమత్తు అనుకోవద్దు. పక్షవాతం మళ్లీ వచ్చినా, వడదెబ్బయినా చేయాల్సింది ఒక్కటే: 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఫ్యాన్ పెట్టండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి.